పిన్ని తుడవని మొక్క

మా పిన్నికి దుమ్ము కనబడితే చెయ్యి ఊరుకోదు. కదలకుండా కూర్చుంటే మనల్ని కూడా తుడిచేస్తుంది. మొక్కల మీద పరిశోధన చేసే ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా కుండీల బాగోగులు చూసేది ఆవిడే.

ఆ రోజు నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేసరికి ల్యాబు మేడం ముఖాన నెత్తుటి చుక్క లేదు. కణాల్లోకి కాల్షియం వచ్చినప్పుడల్లా తెర మీద పచ్చగా మెరిసే మొక్కల్ని ఆవిడ మూడేళ్ళు కష్టపడి పెంచింది. తీరా ఆకు కత్తిరిస్తే మెరుపు మిణుక్కుమని ఆరిపోతోంది. అరగంటలో పైఅధికారులు వస్తారు. వాళ్ళ ముందు కూడా ఇదే తంతైతే ల్యాబుకు తాళమే.

"అసలేం జరగాలి మేడం?" అని అడిగాను.

"కణం చుట్టూ ఉన్న పొరలో కాల్షియం చానళ్ళుంటాయి, బుల్లి తలుపులనుకో. ఆకుకి దెబ్బ తగలగానే తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి దూకుతుంది. ఆ కబురు ఆకు నుంచి ఆకుకి పాకాలి. దెబ్బే అక్కర్లేదు, గట్టిగా తాకినా తెరుచుకుంటాయి. కాకపోతే ఒకసారి పలికాక, మళ్ళీ అంత బాగా పలకడానికి కొన్ని గంటలు పడుతుంది."

మొక్కల గదిలోంచి తడిగుడ్డతో వస్తున్న పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ మా పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు.

"మేడం, కొంప ముంచాను! మీరు తీసే ఫోటోల్లో దుమ్ముమొహాలతో ఎందుకని రోజూ పొద్దున్నే అన్నిటినీ తుడుస్తున్నాను. ఇవాళ కూడా అయిపోయాయి."

పిన్ని ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మేడం మాత్రం ఎగిరి గంతేసింది. "అక్కా! అయితే మొక్కల్లో లోపం లేదు, నీ గుడ్డకే పలికేసి అలిసిపోయాయి! ఒక్కటైనా తుడవనిది ఉందా?"

"పై అరలో ఒకటుంది. నాకు చెయ్యి అందదు."

దాన్ని దించి, ఆకు కదలకుండా, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాం. అంత దుమ్ముకొట్టుకుపోయిన మొక్కను నేనెక్కడా చూడలేదు. ఇంతలో అధికారులు రానే వచ్చారు. వాళ్ళలో పెద్దాయన "ఏమిటీ దుమ్ము?" అంటూ వేలు చాచాడు.

"ముట్టుకోకండి సార్!" పిన్ని ఆయన మణికట్టు పట్టేసుకుంది.

మేడం ఒక్క ఆకు కత్తిరించింది. తెర మీద పచ్చని వెలుగు భగ్గున లేచి, కాడ మీదుగా దిగి, ఎదుటి ఆకుల్లోకి పరుగెత్తింది. "పాకింది మేడం, పాకింది!" అని పిన్ని ఒకటే కేకలు. నాకు ఒళ్ళు పులకరించింది. మేడం ఏడుస్తోంది, నవ్వుతోంది. పెద్దాయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"మీ ల్యాబు ఎక్కడికీ పోదు," అన్నాడు చివరికి. "ముందు ఈవిడని నా చెయ్యి వదలమనండి."