నాయన మెడలో గ్రంథి

మా నాయన ఎముకలు కరిగి మూత్రంలో కొట్టుకుపోతున్నాయని ఆరు వారాల పాటు ఒక్క పూట తప్పకుండా రాసి రుజువు చేసినవాణ్ణి నేనే. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు కూడా నాకే ఉంది.

అప్పుడు మద్రాసు రాజధాని. మాది కర్నూలు జిల్లా. మార్కాపురంలో మాకు పలకల వ్యాపారం. గని నుంచి వచ్చిన రాతిని చెక్కించి, చట్రాలు కట్టించి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది రైలుకెక్కించేవాళ్లం. అరవదేశం పిల్లలు కూడా మన పలకల మీదే దిద్దుకుంటారని నాయన గొప్పగా చెప్పుకునేవాడు. అన్ని పలకల మధ్య పుట్టి పెరిగిన నేను మాత్రం ఇంటర్మీడియెట్ రెండుసార్లు తప్పి ఇల్లు చేరాను.

ఆ ఏడే నాయనకు జబ్బు చేసింది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు, తాగినంతా పోసేవాడు. అన్నం సయించేది కాదు, తింటే వాంతి. నడుముకు పక్కన నొప్పి వచ్చిందంటే దుకాణంలో గోనెపట్టా మీద పడి మెలికలు తిరిగేవాడు. ఒకసారి మూత్రంలో రాయి పడింది. రాళ్ల వ్యాపారం కదా అని ఎవరో నవ్వబోతే అమ్మ వాళ్లను గుమ్మం దిగేదాకా తిట్టింది. మందులన్నీ అయ్యాక చివరికి మిషను ఆసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి దొర డాక్టరుకు రోగులంటే జాలి, అరుదైన రోగాలంటే ప్రేమ. నాయన నెత్తురు మద్రాసుకు పంపించి, అందులో క్యాల్షియం ఎక్కువగా ఉందని జవాబు రాగానే ఆయన మొహం వెలిగిపోయింది. క్యాల్షియం అంటే ఏందని నాయన అడిగాడు. ఎముకల్లో ఉండే పదార్థమని చిన్న డాక్టరు చెప్పాడు. ఆయన కోస్తా మనిషి, దొరకు సహాయకుడు. చెప్పింది అబద్ధం కాదు. అది ఇంకెక్కడెక్కడ ఉంటుందో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

దొర కాగితం మీద మెడ బొమ్మ గీసి చూపించాడు. కంఠానికి అటూ ఇటూ కందిబద్దలంత గ్రంథులు నాలుగుంటాయి. ఒంట్లోని క్యాల్షియం వాటి అదుపులో ఉంటుంది. వాటిలో ఒకటి ఉబ్బిందంటే ఎముకల్లో ఉన్నది తోడి నెత్తుట్లో పోస్తుంది. దాన్ని వడగట్టలేక మూత్రపిండాలు పాడవుతాయి. నాయనకు అదే జబ్బని ఆయన అనుమానం. ఆ జబ్బు మన దేశంలో ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదని ఆయన ఆశ.

రుజువు కావాలంటే ఒంట్లోకి పోయేదీ ఒంట్లోంచి వచ్చేదీ పూర్తిగా తూచాలి. మేం బయట వండింది తినం కాబట్టి ఆసుపత్రి వెనక వసారా గదిలో అమ్మే పొయ్యి పెట్టింది. గద్దె మీద సున్నితపు తక్కెడ పెట్టారు. అన్నం తూచి వడ్డించాలి, మిగిలింది తూచి తీసెయ్యాలి. రాయడానికి ఇంగ్లీషు వచ్చినవాడు కావాలన్నారు. రెండుసార్లు తప్పినా ఇంగ్లీషు వచ్చే ఉంటుందని నన్ను కూర్చోబెట్టారు. తూకమంటే నాయనకు భక్తి. ఒక మెతుకు కింద పడితే తనే చూపించి, "అది తీసెయ్ రా, నేను తినలేదు" అనేవాడు. అంత నిజాయితీ గల రోగిని తన జన్మలో చూడలేదన్నాడు దొర.

నాయన భోజనం అయ్యాక అమ్మ పళ్లెం పక్కకు జరిపి తమలపాకులు తీసేది. ఈనె గిల్లి, సున్నం పూసి, వక్క పెట్టి, చిలక చుట్టి ఇచ్చేది. భోజనానికి భోజనానికి మధ్య కూడా నాలుగైదు ఇచ్చేది. చిన్న డాక్టరు వచ్చేవేళకు ఆయనకూ ఒకటి సిద్ధంగా ఉండేది. ఆయన దాన్ని దవడన పెట్టుకుని నా పుస్తకం తిప్పేవాడు. చివర్న "ఇవి కాక మరేమైనా" అని ఒక గడి ఉంది. అందులో నేను రోజూ అందంగా "ఏమీ లేదు" అని రాసేవాణ్ణి. ఆయన నములుతూ సంతకం పెట్టేవాడు.

నాయన మలమూత్రాలు పట్టిన సీసాలను మా పలకల పెట్టెల్లోనే గడ్డి వేసి సర్ది రైల్లో మద్రాసు పంపేవాళ్లం. "ఏంది సామీ, ఈ పలకలు గలగలమంటా ఉన్నాయే?" అన్నాడు స్టేషన్లో పార్సిలు గుమాస్తా. లోపల ఉన్నదేమిటో చెప్పాక మా పెట్టెలను ఆయన మళ్లీ ముట్టుకోలేదు, మేమే ఎక్కించుకోవాల్సి వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. నాయన ఒంట్లోకి పోయే క్యాల్షియం కంటే బయటికి వచ్చేది ఎంతో ఎక్కువ, అదీ ప్రతి రోజూ. ఎముకలు కరుగుతున్నాయనడానికి ఇంతకంటే ఏం కావాలి? మద్రాసు తీసుకుపోయి మెడ కోసి ఆ గ్రంథి తీయాలన్నారు. "డాక్టరు గారూ, వచ్చేదాని కంటే పోయేది ఎక్కువైతే నేను తరిగిపోవాల గదా? ఆరు వారాల ముందు ఎంత తూగినానో ఇప్పుడూ అంతే తూగుతా ఉన్నానే?" అన్నాడు నాయన. చాలా తెలివైన ప్రశ్న అని దొర మెచ్చుకున్నాడు. వెంటనే మద్రాసు ఆసుపత్రికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

మెడ చూడడానికి గిద్దలూరు నుంచీ దర్శి నుంచీ బంధువులు దిగారు. ఒకరికి కుడి పక్కన వాపు కనిపించింది, ఒకరికి ఎడమ పక్కన. నాయన అందరికీ గడ్డం ఎత్తి చూపించేవాడు. చిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మెడ కోసినా ఆ గ్రంథి దొరకకపోవచ్చనీ, దొరికినా మనిషి దక్కుతాడని చెప్పలేమనీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పుస్తకం రాసింది నేను. నాయన మెడ మీదికి కత్తిని తెచ్చింది నా చేతిరాతే.

ప్రయాణం రోజు పొద్దున అమ్మ మూటలు కడుతూ నన్ను పిలిచింది.

"రేయ్, బట్టీ కాడికి పోయి కాసింత సున్నం తీసుకురా. పిడత అడుగంటింది. మద్రాసులో ఎట్లాంటిది దొరుకుతుందో ఏమో."

"ఈ పిడత ఎప్పుడు నింపింది?"

"ఈడికి వచ్చిన రోజు నింపిందే. మీ నాయన నోరు చప్పగా ఉందంటే ఈ నడుమ ఇంకొంచెం ఎక్కువే పూస్తా ఉన్నా. ఏంది, అట్ల చూస్తావు?"

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరు అడిగినారు? అన్నం రాసినావు, మజ్జిగ రాసినావు. ఆకు కూడా రాస్తారా ఎవరన్నా?"

సున్నంలో ఉండేదీ క్యాల్షియమేనని ఇంటర్మీడియెట్లో చదివింది అప్పుడు తలకెక్కింది. ఖాళీ పిడత పట్టుకుని దొర గదికి పరుగెత్తాను. వచ్చీ రాని ఇంగ్లీషులో చెప్పాను. దొర మొదట పిడతను చూశాడు, తర్వాత తల తిప్పి చిన్న డాక్టరును చూశాడు. చిన్న డాక్టరు దవడ ఆగిపోయింది. ఉమ్మడానికి చోటు లేక ఆయన దవడనున్నదంతా మింగాడు.

అమ్మను పిలిపించారు. ఎందుకో చెప్పకుండా, రోజుకు ఎన్ని ఆకులకు ఎంత పూస్తుందో కాగితం ముక్కల మీద పూసి చూపించమన్నారు. నాయన తక్కెడ ముల్లు సరిచేసి దగ్గరుండి తూయించాడు. దొర లెక్క కట్టాడు. ఆరు వారాలుగా నాయన ఎముకల్లోంచి కరిగిపోతున్నదంతా దాదాపుగా ఆ కాగితాల మీదే దొరికింది. బల్ల మీద ఆయన పత్రికకు రాసుకున్న వ్యాసం ఉంది. పై కాగితం తీసి, వెనక్కి తిప్పి, దాని మీద మందుచీటీ రాశాడు. సున్నం మానాలి, పాలలోనూ క్యాల్షియమే కాబట్టి పాలు తగ్గించాలి. అంతే. కోత అక్కర్లేదు, మద్రాసు అక్కర్లేదు. మూత్రపిండాలు చెడినంత మేర మళ్లీ బాగుపడవని, మిగిలినదాన్ని కాపాడుకోవాలని నాకు విడిగా ఇంగ్లీషులో చెప్పాడు.

జట్కాలో ఇంటికి తిరిగి వస్తున్నాం.

"సున్నం ఎందుకు తూచినారు రా?" అంది అమ్మ. "నేను పెట్టినదాని వల్లనేనా మీ నాయనకు ఇదంతా?"

ఆరు వారాలు నిజమనుకుని అబద్ధం రాసినవాణ్ణి. ఇప్పుడు చేతిలో నిజం ఉంది, నోరు రాలేదు. "కాదమ్మా. గ్రంథే. తనంతట తానే తగ్గిపోయిందంట. తగ్గినంక సున్నం పడదంట, అంతే" అన్నాను.

నాయన అంతసేపూ రోడ్డు వైపు చూస్తున్నాడు. తర్వాత చెయ్యి మెడ మీద పెట్టుకుని మెల్లగా తడుముకున్నాడు.

"అవునే. తగ్గినట్లే ఉంది. పొద్దున ఈడ గట్టిగా తగుల్తా ఉండె" అన్నాడు.

దాహం తగ్గింది, అన్నం సయించింది. నాయన ఇంకా చాలా ఏళ్లు బతికాడు. అన్నేళ్లూ ఇంటికొచ్చినవాళ్లందరికీ గడ్డం ఎత్తి, గ్రంథి ఎక్కడ ఉండేదో, ఎట్లా కరిగిపోయిందో చూపించాడు. అమ్మ పక్కన కూర్చుని వక్కలు కత్తిరిస్తూ, అవునవునని తలూపేది.

కానీ ఆ జట్కా దిగిన రోజు నుంచి అమ్మ తన ఆకుకు కూడా సున్నం పూసుకోలేదు. చప్పటి ఆకు నమిలేది, నోరు పండేది కాదు. నాయన పోయాక కూడా పూసుకోలేదు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు.