అక్క వేసిన త్రికోణాలు

నా చిన్నప్పుడు ఒక ఏడాది బడులు సరిగ్గా నడవలేదు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులవి. జనగామలో చదువుకుంటున్న మా పెద్దమ్మ బిడ్డ, నాకన్నా రెండేళ్లు పెద్దదైన అక్క, మొగుళ్లపల్లిలో మా ఇంటికి వచ్చి ఉంది. పక్కింట్లో అద్దెకుండే డ్రాయింగ్ సారుకు బడి లేక పొద్దుపోయేది కాదు. మా ఇద్దరినీ తన అరుగుమీద కూర్చోబెట్టి రంగులిచ్చేవాడు.

నేను ఎద్దును వేస్తే ఎద్దులాగే ఉండేది. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవారు. అక్క మాత్రం ఎప్పుడూ చతురస్రాలు, త్రికోణాలు గీసి వాటిలో రంగులు నింపేది. చూసి మా అమ్మ కూడా నవ్వేది. సారు మాత్రం నా ఎద్దును "మంచిగుంది" అని పక్కన పెట్టి, అక్క కాగితాన్ని గోడకు ఆనించి, వెనక్కి జరిగి చాలాసేపు చూసేవాడు. ఆ చూపు నాకు కావాలి. అది దొరక్క కడుపు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం అక్క అన్నానికి వెళ్లగానే ఆమె బొమ్మను తడిచేత్తో రుద్దేశాను. తలెత్తితే గుమ్మంలో సారు. కొట్టలేదు. కొత్త కాగితం నా ముందు పెట్టి, "ఏముంది గీ బొమ్మల, నాలుగు డబ్బాలే గద. అక్క వచ్చేలోపట గట్లనే ఏసియ్యి" అన్నాడు.

నాలుగుసార్లు వేశాను. గీతలు వచ్చాయి, రంగులూ అవే. కానీ అక్క ఎరుపు వెలిగేది, నా ఎరుపు చచ్చిపడి ఉంది. అంతలో అక్క వచ్చింది. పాడైన బొమ్మను చూసింది.

"ఎందుకు జేసినవే?"

"సారు నీదే సూస్తడు."

కళ్లు తుడుచుకుంది. కాసేపటికి నా పక్కన కూర్చుని, "గా ఎరుపు పక్కకు పసుపొద్దు. నీలం పెట్టి సూడు" అంది. పెట్టాను. ఎరుపు లేచి నిలబడింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అక్క హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, మహబూబాబాదులో పిల్లలకు డ్రాయింగ్ చెబుతూ ఏళ్లతరబడి ఆ త్రికోణాలే వేసింది. ఎవరూ కొనలేదు, ఆమె మార్చలేదు. ఆమెకు అరవై దాటాక నగరంలో ఒక హాలు నిండా ఆమె బొమ్మలు పెట్టారు. వాటి మధ్య తిరుగుతుంటే పాత మంట మళ్లీ లేచింది.

ఈ వయసుకూ అది పోలేదు. కాకపోతే, ఎవరి పని చూసి మండినా ముందు దాన్ని నా చేత్తో చేసి చూస్తాను. చేతకాకపోతే ఆ మనిషి దగ్గరికి పోయి, బాగుందని చెప్పి వస్తాను. ఆ మధ్యాహ్నం తర్వాత అక్కకు ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.