చేదొక్కటే మిగిలిన నాలుక

మా బావ బీరు రుచి చూసి ఏడ్చాడని ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటారు. విన్నవాళ్ళు ఐదొందల మంది ఉంటారు. చూశానని ఒట్టేసి చెప్పేవాడు ఒక్కడూ దొరకడు. ఆయన రుచి చూసే గదిలో ఉండేది ఎర్ర బల్బు. గ్లాసులో రంగు చూసి ఎవరూ మోసపోకూడదని పెట్టారు. ఆ వెలుగులో చెమటో కన్నీళ్ళో దేవుడికైనా తెలియదు. నేను పక్కగదిలో గ్లాసులు కడుగుతుంటాను, గోడకున్న కిటికీలోంచి అందిస్తుంటాను. ఆ రోజు నాకు కనిపించింది ఆయన వీపు ఒక్కటే. కానీ పద్దెనిమిదేళ్ళుగా ఆ వీపు చూస్తున్నదాన్ని. వీపు కూడా ఏడుస్తుంది, చూసే కళ్ళుండాలి.

ఆయన మా పెద్దమ్మ కూతురి మొగుడు. ఫ్యాక్టరీలో అందరూ ‘నాలుక’ అంటారు. ‘నాలుక వచ్చిందా?’ ‘నాలుక సంతకం పెట్టిందా?’ అంటారే తప్ప, ఆ నాలుక వెనకాల ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ పట్టదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పొద్దున పదింటికి కుర్చీలో కూర్చోవడం, బీరు రుచి చూడటం, కాగితం మీద రాయడం. అదే ఆయన ఉద్యోగం. మొగుడికి బీరు తాగితే జీతమిస్తారని మా అక్కని చూసి వీధిలో ఆడవాళ్ళంతా కుళ్ళుకునేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు? ఉల్లిపాయ తినకూడదు. తలకి నూనె రాయకూడదు. వాసన సబ్బు ఇంట్లోకి రాకూడదు. మా అక్క పెళ్ళైన కొత్తలో పౌడరు డబ్బా తెచ్చుకుంటే, అది పెరట్లో బట్టల సబ్బు పక్కన ఎండకి ఎండి వానకి తడిసి చచ్చింది. ఇక ఆ తాగడమైనా తాగడమా? రెండు గుక్కలు. వైను వాళ్ళలాగా ఉమ్మడానికి లేదు, బీరు చేదు గొంతులోకి దిగాక గానీ తెలియదట. రెండు గుక్కలు మింగి, ఎండు రొట్టెముక్క కొరికి, మంచినీళ్ళు పుక్కిలించి, మళ్ళీ రెండు గుక్కలు. మూడో గుక్క తాగకూడదన్న నియమం ఆయనే పెట్టాడు. మూడో గుక్కతో మనిషికి ఇష్టం పుడుతుంది, ఇష్టం పుడితే నాలుక అబద్ధం చెబుతుంది అనేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో వంట తిని మెచ్చుకుంటాడా? అన్నం ముందు కూర్చుంటే కోర్టులో జడ్జీ. ‘ఉప్పు రెండు పలుకులు ఎక్కువైంది.’ ‘ఈ గిన్నెలో నిన్న నిమ్మకాయ పిండావు.’ అక్క ముప్ఫై ఏళ్ళు విని విని అలిసిపోయింది. అలిసిపోయి, ఆ వంకలకే అలవాటు పడిపోయింది.

అందుకే ఒకరోజు సాయంత్రం పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది.

“ఒసేయ్, మీ బావ ఎవతినో చూసుకున్నాడే.”

“ఎవతిని? ఆయన్ని చూసే ఆడది ఎవతే అక్కా? గుడ్డిదా?”

“నవ్వకే. ఇవాళ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఒక్క మాటనకుండా తిన్నాడు. పైగా బాగుందన్నాడు! పెళ్ళాం వంట బాగుందని మొగుడు ఊరికే అంటాడా?”

మర్నాడు ఉప్పు రెట్టింపు వేసి పెట్టిందట. అదీ తిన్నాడు. ఆ మర్నాడు కూరలో పంచదార కలిపింది. అదీ ఊడ్చుకుని తిన్నాడు. అప్పుడిక కంచం లాగేసి నిలదీస్తే, మా బావ చేతులు కూడా కడుక్కోకుండా అలాగే కూర్చుని చెప్పాడట. రెండు నెలల కిందట పడిశం పట్టింది కదా, పడిశం పోయింది, దాంతోపాటు వాసనా రుచీ పోయాయి. ఉప్పు లేదు, తీపి లేదు, పులుపు లేదు. అన్నం నమిలితే అట్టముక్క నమిలినట్టుంది. బీరు తాగితే చల్లటి నీళ్ళలో సూదులు కలిపి మింగినట్టుంది.

“మరి ఫ్యాక్టరీలో?” అంది అక్క.

“చెప్పలేదు.”

“డాక్టరేమన్నాడు?”

“రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. దానికి చదువెందుకు, నేనూ చెప్పగలను.”

రిటైరవడానికి ఏడాది నాలుగు నెలలుంది. నాలుక పోయిందని తెలిస్తే ఆ కుర్చీ పోతుంది. మిగతా ఏడాదీ గోడౌనులో పగిలిన సీసాలు ఏరుకుంటూ కూర్చోవాలి. మర్యాద సంగతి సరే, ముప్ఫై ఒక్క ఏళ్ళు నాలుకగా బతికినవాడు నాలుక లేకపోతే ఎవడు? అక్క నా చేత ఒట్టేయించుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పాను, అది చెప్పడం కింద రాదు.

మరి రెండు నెలలు ఎలా నెట్టుకొచ్చాడని మీకు అనుమానం రావాలి. మా రుచి గదిలో ఒక పద్ధతుంది. మూడు గ్లాసులు పెడతారు. రెంటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. బావ రుచితో పట్టుకోలేడు కదా, మొహాలతో పట్టుకున్నాడు. గ్లాసులు పెట్టేది కెమిస్టమ్మ. చిన్నపిల్ల, ఆ పని ఆయన దగ్గరే నేర్చుకుంది. బావ వేరే గ్లాసు ఎత్తగానే ఆ పిల్ల రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. అంతే, అదే గ్లాసు. కాగితం మీద రాయడానికి పాత కాగితాల్లోంచి మూడు ముక్కలు బట్టీ పట్టాడు. ‘శుభ్రంగా ఉంది. ధాన్యం వాసన తెలుస్తోంది. చివర పొడిగా ముగుస్తోంది.’ రెండు నెలలుగా ఏ బీరొచ్చినా అవే మూడు ముక్కలు. దొంగతనం చేసేవాడికి కూడా అంత చాకిరీ ఉండదు. పదింటికి లోపలికి వెళ్ళినవాడు పదకొండింటికి బయటికొచ్చి, నా స్టూలు మీద కూలబడి, “ఒక గ్లాసు నీళ్ళివ్వు మరదలా” అనేవాడు. పర్వతం ఎక్కి దిగినవాడు కూడా అలా రొప్పడు.

ఆ రెండు నెలల మధ్యలోనే ఒక కొత్త బీరు మొదలుపెట్టారు. పిల్స్నర్ అంటారు, పల్చగా బంగారంలా మెరిసే రకం. మామూలుది కాదు, మత్తెక్కువ, చేదెక్కువ. చేదు కోసం హాప్స్ అని ఒక పచ్చటి పువ్వు వేస్తారు, ఎండిన పువ్వు సంచులకొద్దీ వస్తుంది. మరుగుతున్న కాగులో సంచి గుమ్మరించాక ఖాళీ సంచిని గోడకున్న కొక్కేనికి తగిలించాలి. కొక్కేనికి సంచి ఉంటే పువ్వు పడినట్టు, లేకపోతే పడనట్టు. తాతల నాటి పద్ధతి, ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు కాగు దగ్గర మేస్త్రి రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాడు. పువ్వు వేశాడు, సంచులు తగిలించాడు. నడుం లాగేస్తుంటే, ఇనప స్టూలు మీద మెత్తగా ఉంటుందని ఆ సంచులే తీసి మడిచి వేసుకుని కూర్చున్నాడు. కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది. అమ్మో, పువ్వు వెయ్యలేదనుకుని ఇంకోసారి మొత్తం గుమ్మరించాడు. ఈ సంచులు తగిలించడానికి వెళ్ళేసరికి స్టూలు మీద ఆ సంచులు కనబడ్డాయి. అప్పుడు చూడాలి ఆయన మొహం. నేను చూడలేదనుకోండి.

అసలే చేదు, దానికి రెట్టింపు. ఆ బీరు పులిసి, చల్లబడి రుచి గదికొచ్చేసరికి నెల పైనే పట్టింది. ఆ నెలా మేస్త్రి నోరు విప్పలేదు. కెమిస్టమ్మ చేదు కొలిచి, మిషను చెడిపోయిందనుకుని మళ్ళీ కొలిచింది. పన్నెండు వేల లీటర్లు. మేనేజరు స్వయంగా రుచి గదికి వచ్చాడు. ముందు నాలుక చెప్పాక గానీ మిగతావాళ్ళు నోరు తెరవకూడదన్నది అక్కడి నియమం.

బావ గ్లాసెత్తాడు. వాసన చూసినట్టు నటించాడు, అది నాకు తెలుసు. మొదటి గుక్క మింగాడు. బట్టీ పట్టిన మూడు ముక్కలు చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. 

తర్వాత అక్కకి చెప్పాడట. ముందు చలి, తర్వాత సూదులు, ఎప్పటిలాగే. మింగాక గొంతు వెనకాల ఎవరో తలుపు తట్టినట్టయిందట. ఆ తర్వాత తలుపు బద్దలైందట. చేదు! నాలుక అంచుల మీంచి పాక్కుంటూ వచ్చిన చేదు. దాని వెనకాలే, సందు దొరికింది కదాని, మిగతావీ దూరాయట. నిమ్మతొక్క గిల్లినప్పటి వాసన. తడిసిన గడ్డి. అప్పుడే చెక్కిన పెన్సిలు. అన్నిటికీ అడుగున రొట్టె మాడు అంత తీపి, పలచగా. పాతిక అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉండి అన్నీ వెళ్ళిపోయాయట. చేదు మాత్రం ఉండిపోయింది.

రెండో గుక్క తాగాడు. ఆగి, మూడో గుక్క తాగాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. గ్లాసు ఖాళీ చేసి కిటికీ వైపు చెయ్యి చాపి, “ఇంకోటివ్వు” అన్నాడు. అప్పుడే ఆ వీపు కదిలింది.

“ఏమయ్యా, పారబోద్దామా?” అన్నాడు మేనేజరు.

“ముట్టుకోకండి. ఇంకో మూడు వారాలు చలిలో పడుకోనివ్వండి. చేదు కాస్త సర్దుకుంటుంది. బీరంటే ఇది.”

మిగతావాళ్ళు తాగి మొహాలు చిట్లించారు. నాలుక చెప్పింది కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. కెమిస్టమ్మ మాత్రం సాయంత్రం కాగితాల కట్టతో నా స్టూలు దగ్గరికే వచ్చింది. బావ అక్కడే ఉన్నాడు.

“సార్, రెండు నెలలుగా మీరు ఒకటే రాస్తున్నారు. ముప్ఫై ఎనిమిది కాగితాలు. ఒక్క అక్షరం తేడా లేదు.”

“బీరు కూడా ఒకేలా ఉంది కదమ్మా.”

“ఇవాళ్టిది లేదు. దాన్నేమో మీరు మెచ్చుకున్నారు.” ఆ పిల్ల కాగితాలు చంకలో పెట్టుకుంది. “రేపు మళ్ళీ మూడు గ్లాసులు పెడతాను సార్. మేనేజరు గారు కూడా ఉంటారు. ఏమీ అనుకోకండి.”

మర్నాడు ఆ పిల్ల మొహం గోడలా పెట్టుకుని కూర్చుంది. పెన్ను చేతిలోనే లేదు. బావ మొదటి గ్లాసు ఎత్తుతూ ఆ మొహం చూశాడు. ఏమీ లేదు. మేనేజరు మొహం చూశాడు, ఆయనకే ఏమీ తెలియదు. నేను నా కిటికీ దగ్గరే నిలబడ్డాను. నాకు తెలుసు కదా, గ్లాసులు నింపుతుంటే చూశాను. ఆ పిల్ల ఎత్తు వేసింది. మూడింట్లోనూ ఒకే బీరు పోసింది. రుచి తెలియనివాడు తప్పకుండా ఏదో ఒకటి చూపించి దొరికిపోతాడు. తెలివైన పిల్లే. కానీ చేసిన పొరపాటు ఒక్కటే. ఫ్యాక్టరీలో పదకొండు రకాల బీరుండగా, నిన్నటి చేదు బీరే పోసింది.

బావ మూడూ తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

“మూడూ ఒకటేనమ్మా. మూడూ నిన్నటిదే. మూడో గ్లాసు కాస్త ముందు నింపావు, గ్యాసు తగ్గింది.”

కెమిస్టమ్మ లేచి నిలబడి, “క్షమించండి సార్” అంది. బావ తల ఊపాడు. గెలిచినవాడిలా లేడు. బయటికొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

“దాటేశావు బావా!”

“ఇవాళ దాటాను. రేపు?” అని నీళ్ళు తాగాడు. “ఇంకా ఏడాది నాలుగు నెలలే మరదలా.”

ఆ బీరు మూడు వారాల తర్వాత బజారులోకి వెళ్ళింది. బాగానే పోతోందంటున్నారు. ఏనాడూ ఫ్యాక్టరీ నుంచి సీసా తేని మనిషి, ఇప్పుడు వారానికి ఒకటి ఇంటికి తెస్తున్నాడు. కంచం ముందు కూర్చుని ఒక గుక్క తాగి, గబగబా ఒక ముద్ద తింటాడు. ఆ పాతిక అంకెల లోపల రుచి తెలియాలని. మొన్న ముద్ద నోట్లో పెట్టుకుని, “ఉప్పు ఒక పలుకు ఎక్కువైంది” అన్నాడట. అక్క వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దీన్ని మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఇదంతా రాశాక, ఉన్నదున్నట్టు రాశానో లేదో అడుగుదామని ఆయన్ని పిలిచి చదివి వినిపించాను. వినేటప్పుడు కాఫీ ఇచ్చాను. అందులో పంచదారకి బదులు ఉప్పు వేశాను. పరీక్ష పెట్టడం కెమిస్టమ్మకేనా వచ్చు?

చదవడం అయ్యాక ఒక గుక్క తాగాడు. కప్పు వైపు చూడలేదు, నా మొహం వైపే చూశాడు. చాలాసేపు చూశాడు. 

“ఉప్పు వేశావు” అన్నాడు.

“రుచి తెలిసిందా బావా?”

ఆయన కప్పు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచాడు.

“నాకు రుచి పోయిందెప్పుడే? పడిశమే పట్టలేదు. మేస్త్రి పువ్వు ఒక్కసారే వేశాడు. మీ అక్క కూరలో పంచదార వేస్తే ఆ రోజే కంచం విసిరేసేవాణ్ణి. నేను ఏడవలేదు, గ్యాసు ముక్కుకెక్కింది. అంతా అబద్ధం. ఒక్క ముక్క కూడా నిజం కాదు.”