తెల్ల పోగు ముడి

పెళ్లైన కొత్తలో చిట్యాల అంగడికి చీరలు మోసుకుపోయేవాణ్ణి. ఒక్క పూటలో నలభై చీరలు అమ్మానని మనుమలకు చెబుతుంటాను. నలభై కాదు, పన్నెండు. మా ఇంటావిడ ఉంటే "నాలుగే గదయ్యా" అని వంటింట్లోంచే అనేది. సరే, నాలుగే.

నేసేది నేను, మడత పెట్టేది ఆమె. ఎక్కడ నేత తప్పినా అక్కడ అంచుకు ఒక తెల్ల పోగు ముడివేసేది. అంగట్లో ఆ తప్పు చూపించి, కొనేవాళ్ల కళ్లముందే ముడి తెంపి, ధర తగ్గించి ఇవ్వాలి. తెంపిన పోగు ఇంటికి తెస్తేనే చెప్పి అమ్మానని ఆమెకు నమ్మకం.

ఆ వారం మూడు చీరలకు ముడులున్నాయి. దారిలోనే మూడూ తెంపి జేబులో వేసుకున్నాను. "ఒక్క తప్పు లేదు!" అని అంగట్లో అరిచిన అరుపు కట్టంగూర్ దాకా వినబడి ఉంటుంది.

సాయంత్రం మూడు పోగులూ ఆమె చేతిలో పెట్టి, "చూపించే అమ్మిన" అన్నాను. అమ్ముడుపోక తిరిగొచ్చిన చీర ఒకటి విప్పిందామె. కొంగు దగ్గర నేత తప్పినచోట ఆమె వేలు ఆగింది.

"గీ చీర అమ్మనే లేదు. దీని పోగు నీ జేబులకెట్ల వచ్చె?"

చీర తీసి మడవబోయాను. ఆమె లాక్కుంది.

"నా మడత జూసి నమ్మి కొంటరయ్యా ఆడోళ్లు. ఇగ నేనేం మొఖం పెట్టుకొని మడవాలె?"

తరువాతి అంగడికి ఆమె కూడా వచ్చింది. "అరవు. పోయిన వారం అరిచినంత గట్టిగ" అంది.

"నా దగ్గర చీరలు కొన్నోళ్లు రాండ్రి! తప్పు చెప్పకుంట అమ్మిన!" అని అరిచాను.

పక్క దుకాణాల వాళ్లు పగలబడి నవ్వారు. ఒకామె తిట్టుకుంటూ చీర మార్చుకుపోయింది. రెండో చీర కొన్న ముసలవ్వ మాత్రం, "ఇంటికి వొయినంక చూసిన కొడుకా. పాపం, నీకు గూడ కనవడలేదేమో అనుకున్న" అంది.

"కనవడ్డదవ్వా, మంచిగ కనవడ్డది" అంది మా ఆవిడ.

ఇంటికొచ్చాక నా అంగీ గుండీకి ఒక తెల్ల పోగు ముడివేసింది.

"గిదెందుకే?"

"కొనేటోళ్లకు తెలువద్దా?"

అప్పుడు నవ్వింది, వారం తరువాత.

ఆ అంగీ చిరిగేదాకా ఆ ముడి ఉంచానని చెబుతుంటాను. అబద్ధం. సిగ్గేసి మర్నాడే తెంపి పారేశాను. ఇప్పుడు నా అంగీలు నేనే మడత పెట్టుకుంటున్నాను. ప్రతిసారీ గుండీ దగ్గర వేలు ఆగుతుంది.