బ్రేకు మాస్టారి తీగల పెట్టె

మా బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆయనే. ఆ సగం మందీ ఆయన్ని బ్రేకు మాస్టారనే పిలుస్తారు. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఉద్యోగం దాన్ని తొక్కడం, తొక్కుతూ "బ్రేక్! బ్రేక్! అది బ్రేకు కాదమ్మా, క్లచ్!" అని అరవడం. ఇంటికొచ్చాక మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు. ఉన్న మాటలన్నీ కార్లోనే ఖర్చు పెట్టేసి వస్తాడని మా అక్క గొడవ.

అక్క కూడా ఆయన దగ్గర కారు నేర్చుకున్నదే. మా నాన్నకి ఎవరి మీదా నమ్మకం లేక నన్ను వెనక సీట్లో కాపలాకి పంపేవాడు. ఆ కాపలా నేనెంత బాగా కాశానో వాళ్ల పెళ్లే చెబుతుంది. నాకు గుర్తున్నదల్లా తలనొప్పి. అది పాత కారు, అందులో ఏదీ దానంతట అది ఆగేది కాదు. అక్క మలుపు తిరిగాక ఇండికేటర్ ఆపేది కాదు. ఇంకొకరైతే బావ కారు టాపు లేచిపోయేలా అరిచేవాడే. అక్కని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. రోడ్డు పొడుగునా అది టిక్కుటక్కుమంటూ కొట్టుకుంటూనే ఉండేది. చాలాసేపటికి ఆయనే చెయ్యి చాపి ఆపేవాడు. నేను వెనక చెవులు మూసుకుని కూర్చునేవాణ్ణి.

ఈమధ్య స్కూలువాళ్లు ఆ కారుని తుక్కు కింద అమ్మేసి కొత్తది తెచ్చారు. ఆ రోజుల్లోనే లైసెన్సు ఆఫీసు బెంచీ మీద తన శిష్యుల వంతు కోసం కూర్చుని, బావ ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఒక బట్టతల ఆయన ఒక పెట్టె ముందు కూర్చుని వైర్లు గుచ్చుతున్నాడు, పీకుతున్నాడు. పెట్టె వాన కురిసినట్టు ఒకసారి, రైలు పోయినట్టు ఒకసారి మోగుతోంది. బావ ఆ వీడియో చూసి తిన్నగా ఇంటికి పోకుండా నా షాపుకొచ్చాడు.

"ఒరేయ్, నాకో పెట్టె చేసిపెట్టాలి," అన్నాడు.

నేను చెక్కపనివాణ్ణి. పెట్టె అంటే బట్టలదో, గిన్నెలదో అనుకున్నాను. కాదట. మాడ్యులర్ సింథసైజర్ అట. నాకర్థమైనంతలో చెబుతాను. దానికి హార్మోనియంలా మెట్లు ఉండవు. చిన్న చిన్న రేకు పలకలు, వాటి మీద తిప్పే బటన్లు, కన్నాలు ఉంటాయి. ఒక పలక మోత పుట్టిస్తుంది, ఒకటి దాన్ని మెత్తబరుస్తుంది, ఒకటి పెంచి తగ్గిస్తుంది, ఒకటి తాళం వేస్తుంది. అన్నీ విడివిడిగా కొనుక్కుని ఒక పెట్టెలో బిగించుకోవాలి. ఒక పలక లోంచి ఇంకో పలక లోకి జానెడు వైర్లు గుచ్చుకుంటూ పోతే అప్పుడు మోగుతుంది. వైరు మారిస్తే మోత మారిపోతుంది. వైర్లన్నీ పీకేస్తే ఆ మోత ఇక లేనట్టే. అది దేన్నీ గుర్తుపెట్టుకోదు.

"ఇంత బతుకూ బతికి ఇదేం పిచ్చి బావా?" అన్నాను.

ఆయన రంపంపొట్టు కాలితో తోశాడు. "రోజంతా స్టీరింగు ఎవరి చేతిలోనో ఉంటుంది రా. నా కాలి కింద బ్రేకొక్కటే. ఆపడమే తప్ప నడపడం నాకు లేదు. ఆ పెట్టెలో ఏది తిప్పినా తిప్పేది నేనే కదా," అన్నాడు.

అన్నేళ్లలో ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు. నాకు జాలేసింది. పాత బీరువా ముక్కలుంటే తీసి పెట్టె కొట్టిచ్చాను. మొదటిసారి కంటి లెక్కన కొట్టాను, ఒక్క పలకా పట్టలేదు. "నీ కన్ను కూడా నా దగ్గర లైసెన్సు తెచ్చుకోవాల్సిందే," అన్నాడు బావ. రెండోసారి టేపు పెట్టి కొట్టాను.

పెట్టెని వెనక గదిలో పెట్టుకున్నాడు. ఇక్కడే అసలు తంటా వచ్చింది. అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. గుడ్డ కత్తిరించే బల్ల హాల్లో ఉంది. అదే హాల్లో బావ వాళ్లమ్మ, నేను అత్తయ్య అని పిలిచే పెద్దావిడ, టీవీ చూస్తుంది. అక్క కత్తిరిస్తుంటే అత్తయ్యకి టీవీ కనపడదు. అత్తయ్య సౌండు పెంచితే అక్క కొలత మర్చిపోతుంది. వెనక గది అక్కకిస్తానని బావ పెళ్లైన కొత్తలోనే మాటిచ్చాడు. ఇన్నాళ్లకి అది ఖాళీ అయ్యింది, అయిన వారంలోనే అందులోకి పెట్టె వచ్చి కూర్చుంది.

పలకలు ఒక్కొక్కటే పార్సిల్లో వచ్చాయి. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. అన్నీ బిగించిన రోజు బావ మమ్మల్నందరినీ గదిలోకి పిలిచాడు. స్విచ్ వేశాడు. ఎర్రవి, పచ్చవి, నీలంవి దీపాలు గంతులేశాయి. చూడముచ్చటగా ఉంది. చప్పుడు మాత్రం లేదు.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "ఒరేయ్, నాకేం వినపడటం లేదురా. పూర్తిగా పోయినట్టున్నాయి చెవులు," అంది.

"మాకూ వినపడటం లేదు అత్తయ్యా," అంది అక్క.

"బతికించారు," అని ఆవిడ వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

సంగతేమిటంటే, బావ దీపాలు చూసి మోజుపడి కొన్నాడు. మోతని మెత్తబరిచేవి, వణికించేవి, తిప్పి తిప్పి వినిపించేవి అన్నీ ఉన్నాయి. మోత పుట్టించే పలక ఒక్కటే లేదు. పెళ్లికొడుకు తప్ప అందరూ వచ్చిన పెళ్లిలా ఉంది. "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు," అని అక్క కరెంటు మీటరు వైపు చూసింది.

తర్వాత మోత పుట్టించే పలక కూడా వచ్చింది. దాని వెనక కరెంటు పట్టీ ఒకటి తగిలించాలి. పట్టీకి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది కిందికి రావాలి. బావ ఆత్రంలో పైకి పెట్టాడు. మోత రాలేదు కానీ వాసన వచ్చింది, దాని వెనకే పొగ వచ్చింది. ఎంతమందిని ఎర్ర లైటు చూడలేదని తిట్టి ఉంటాడో ఆ మహానుభావుడు!

"ఎరుపు చూసుకోకుండా దూసుకుపోయారు. నేనైతే మీకు లైసెన్సు ఇవ్వను," అంది అక్క కిటికీలు తెరుస్తూ.

ఇంకోటి తెప్పించాడు. ఈసారి మోగింది. మోగడమంటే ఊళకి, తలుపు కిర్రుకి మధ్యలో ఒక రకం. పక్కింటాయన వచ్చి, మోటారు కాలిపోతోంది చూసుకోండని చెప్పి వెళ్లాడు. అప్పుడు అక్క తీర్పు చెప్పింది.

"వచ్చే ఆదివారం మధ్యాహ్నం. మా తమ్ముడూ, అత్తయ్యా, నేనూ వచ్చి ఆ గదిలో కూర్చుంటాం. మనుషులు వినగలిగే చప్పుడు ఒక్కటి, ఒకే ఒక్కటి ఆ పెట్టెలోంచి రావాలి. రాలేదా, గది నాది. పెట్టె మా తమ్ముడి షాపులో ఉంటుంది, దాంట్లో మేకులు పోసుకుంటాడు."

బావ తలూపాడు. ఆ తలూపడంలో ఎంత భయముందో నేను చూశాను. ఆయనకంటూ ఆ ఇంట్లో ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. సెలవురోజు స్నేహితులు లేరు, సిగరెట్టు లేదు, పేకాట లేదు. అది కూడా పోతే మిగిలేది బ్రేకే.

అక్కణ్ణుంచి బావ మనిషి మారాడు. ఏం కొనాలని వెతకడం మానేసి ఏం తీసెయ్యాలా అని చూడటం మొదలుపెట్టాడు. దీపాల పలకలన్నీ ఊడదీసి ఎవరికో పంపించేశాడు. మోతకొకటి, మెత్తదనానికొకటి, పెంచి తగ్గించడానికొకటి, తాళానికొకటి. అంతే ఉంచాడు. ఖాళీ జాగాలకి నేను చెక్కముక్కలు బిగించాను. స్కూలు నుంచి రావడం, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకోవడం, ఒక బటన్ని వెంట్రుకవాసి తిప్పి కళ్లు మూసుకోవడం. దేనికోసం వెతుకుతున్నావు బావా అంటే చెప్పడు. "దొరికితే తెలుస్తుంది," అంటాడు. శనివారం సాయంత్రం నా షాపు ముందు స్కూలు కారాపి, అద్దం దించి, "దొరికింది రా!" అని అరిచాడు. పక్కన స్టీరింగు పట్టుకున్న శిష్యుడు జడుసుకుని హారన్ కొట్టాడు.

ఆదివారం పొద్దున బావ ఒక పాఠం ఉందని వెళ్లాడు. నేను ముందే వచ్చి హాల్లో కూర్చున్నాను. అక్క గది సర్దుతోంది. పరీక్ష పెట్టేది తనే అయినా, వచ్చి కూర్చునేవాళ్ల ముందు గది చిందరవందరగా ఉంటే తనకే నామోషీ. మీకొకటి చెప్పాలి. మా అక్కకి వేలాడే దారం కనపడితే చెయ్యి ఊరుకోదు. పరాయివాళ్ల చొక్కాకి వేలాడుతున్నా సరే, బస్సులో ఉన్నా సరే, కత్తిరించేదాకా నిద్రపట్టదు. అలాంటి మనిషి ముందు ఒక పెట్టె నిండా రంగురంగుల వైర్లు.

బావ వచ్చేసరికి పెట్టె అద్దంలా మెరుస్తోంది. వైర్లన్నీ పొట్టివి ఒక కట్ట, పొడుగువి ఒక కట్ట, రిబ్బను ముడేసి మేకుకి తగిలించి ఉన్నాయి. కన్నాలు కూడా తడిగుడ్డతో తుడిచింది. బటన్లన్నీ ముచ్చటగా ఒకే వైపుకి తిప్పి పెట్టింది.

నేను ఆయన అరుస్తాడనుకున్నాను. ఎంతైనా బ్రేకు మాస్టారు. అరవలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైందండీ? ప్లగ్గులే కదా, మళ్లీ పెట్టుకోండి," అంది అక్క.

"ఎక్కడ పెట్టాలో నాకు గుర్తులేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పోతే దొరికింది. అది ఇక లేదు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"బాగుందక్కా! ప్రశ్నపత్రం నువ్వే ఇచ్చి జవాబుపత్రం నువ్వే చింపావు," అన్నాను నేను. నాకు నిజంగానే ఒళ్లు మండింది.

బావ లేచి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మొదటి పలక విప్పడం మొదలుపెట్టాడు. "మాట మాటే. గది నువ్వు తీసుకో. ఎప్పుడో ఇవ్వాల్సింది," అన్నాడు.

"ఆగండి!" అంది అక్క. ఆ అరుపుకి బావ కుడికాలు నేలని ఒక్క తన్ను తన్నింది, అలవాటు ప్రకారం.

అక్క మేకు మీంచి కట్టలు తీసి రిబ్బన్లు లాగేసింది. "ఎర్రది, ఈ పై కన్నంలోంచి ఆ మూల కన్నంలోకి. పసుపుపచ్చది దాని కింద నుంచి వంగి ఇటొస్తుంది. నల్లవి రెండు. ఒకటి పొట్టిది, ఇక్కడికిక్కడే. రెండోది ఎర్రదాని మీంచి పోతుంది, దాని వెనక వేలు దూరదు, అక్కడే దుమ్మంతా." చకచకా గుచ్చుతోంది. కుట్టుమిషన్లో దారం ఎక్కిస్తున్నట్టు తడుముకోకుండా ఎక్కిస్తోంది.

బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. "నీకెలా తెలుసు?"

"రోజూ దుమ్ము దులిపేది ఎవరనుకున్నారు? మీ అమ్మా?"

"నన్నెందుకు లాగుతావే మధ్యలో," అంది అత్తయ్య గుమ్మంలోంచి. పరీక్ష టైమైందని ఆవిడ కుర్చీ లాక్కుని వచ్చేసింది.

ఇన్నాళ్లూ ఆ పెట్టెని తిట్టిపోస్తూనే అందులో ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో మా అక్కకి కంఠతా వచ్చేసింది. ఆయనకి రాలేదు, ఆవిడకొచ్చింది.

చివరి వైరు గుచ్చి అక్క పక్కకి తప్పుకుంది. బావ స్విచ్ వేశాడు. అడుగున ఎక్కడో ఇంజను ఊరికే ఆన్‌లో పెట్టి ఉంచినట్టు సన్నని గుర్రు. దాని మీద గబగబా టిక్కుటక్కు టిక్కుటక్కు.

"గోడ గడియారం బాగైందా?" అంది అత్తయ్య.

"ఇది కాదు," అన్నాడు బావ. బటన్లు తిప్పాడు. టిక్కు బొంగురుపోయింది, మళ్లీ తిప్పితే పిచ్చుకలా అరిచింది. "ఇది కాదు. దగ్గర్లోనే ఉంది, కానీ ఇది కాదు."

అక్క కదలకుండా వింటోంది. నడుం మీద చేతులు తీసేసింది. తర్వాత నెమ్మదిగా ముందుకొచ్చి, ఆయన చేతిని పక్కకి జరిపి, తాళం పలక మీది బటన్ని పట్టుకుంది.

"మరీ తొందరపడుతోంది. మన కారుది ఇంకొంచెం నిదానం," అంది.

కొంచెం వెనక్కి తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. టిక్. టక్. టిక్. టక్.

నాకు వెనక సీటు గుర్తొచ్చింది. ఆ తలనొప్పి కూడా అచ్చం అలాగే వచ్చింది. చెవులు మూసుకోవాలనిపించలేదు.

బావ నేల చూపులు చూశాడు. "మలుపు అయిపోయాక ఆపాలని అప్పుడు నీకు చెప్పాల్సింది," అన్నాడు.

"నాకు మొదటి రోజే తెలుసు," అంది అక్క.

"మరి?"

"ఆపితే మీరు చెయ్యి చాపేవారు కాదు కదా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అక్క గిరుక్కున నా వైపు తిరిగి, "ఏంట్రా గుడ్లప్పగించి చూస్తున్నావు? టేపు తెచ్చావా? నా బల్ల ఈ గోడకొస్తుంది, పెట్టె ఆ గోడకి. కొలిచి చెప్పు, కంటి లెక్కన వద్దు," అంది.

నేను టేపు తీసి గోడకి ఆనించాను. వెనక పెట్టె కొట్టుకుంటూనే ఉంది.

"ఎంతసేపురా ఆ గోల, ఎవరైనా ఆపండి," అంది అత్తయ్య.

ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు.