తోడు మనిషి పాసు మీద బ్రిటిష్ యుద్ధనౌక

పదిహేనేళ్లు యుద్ధనౌకలో బాయిలరు మండించిన చేతులతో ఈ యాత్ర రాస్తున్నాను.

కాదు. ఆ చేతులు మా చెల్లెలి మొగుడు దానియేలువి. నావి అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మల తూకం రాసిన చేతులు.

విశాఖ రేవుకి బ్రిటిష్ ఫ్రిగేటు వచ్చింది, శనివారం జనాన్ని ఎక్కనిస్తారు అని పేపర్లో పడింది. మాజీ నావికుడు కాబట్టి మా బావకి పాసొచ్చింది. దాని మీద అతని పేరు, కింద ‘తోడు మనిషి ఒకరు’ అని ఉంది. ఆ ఒకరిని నేను. నా పేరైనా లేదు. వారం రోజులు అదే కడుపుమంట.

పొద్దున్న ఆరుంపావుకి అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో సబ్బవరం మీదుగా వెళ్లే బస్సెక్కాం. టికెట్టు మనిషికి పదిహేను. కిటికీ బావకి, మధ్య సీటు నాకు. నా పక్కన బుచ్చయ్యపేట చెరుకు రైతొకాయన కూర్చున్నాడు.

"ఏటి మామా, పొద్దున్నే ఎక్కడికి?"

"ఇంగ్లీషోళ్ల యుద్ధనౌక సూడ్డానికి."

"నేనూ అక్కడికే! మా అల్లుడు రేవులో పని సేత్తన్నాడు, పాసు తెచ్చేడు. మీకెవులిచ్చేరు?"

"నాకొకలివ్వడమేటి? పదిహేనేళ్లు నేవీలో సేసేను. ఇంజను రూమంతా నా సేతి కిందే."

నోరు జారిందనను. నేనే తోశాను.

"మరి ఈ పెద్దాయన?" అన్నాడు రైతు.

బావ తల తిప్పాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఈయనకి తోడొచ్చేను," అని మళ్లీ కిటికీలోకి చూశాడు.

సబ్బవరంలో బస్సు పది నిమిషాలాగింది. రైతు నాకు టీ ఇప్పించాడు, బావకి ఇప్పించలేదు. తాగాను. బాగానే ఉంది.

తొమ్మిదిన్నరకి రేవు గేటు. కెమెరాలూ సెల్లులూ అక్కడే పెట్టించుకుంటారు. జారని చెప్పులు వేసుకుని వెళ్లండి. ఓడ పొడవు మా మార్కెట్ వీధికి రెండింతలు. సరే, వీధిలో సగం.

ఓడలోకి ఎక్కే నిచ్చెన దగ్గర రైతు పక్కకి జరిగాడు. "నేవీ మామా, మీరు ముందు నడండి."

ఛాతీ విరిచి ఎక్కాను. పైన కాపలా ఉన్న తెల్ల బట్టల ఆఫీసరుకి చెయ్యూపి లోపలికి నడిచాను. వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే, బావ నిచ్చెన కొసన నిలబడి ఉన్నాడు. ఓడ వెనక ఎగిరే జెండా వైపు తిరిగి, చేతులు తొడలకి ఆనించి, కదలకుండా. నావికుడు ఏ యుద్ధనౌక ఎక్కినా ముందు జెండాకి మర్యాద చేసి గానీ అడుగు పెట్టడు. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! నేను తుఫాన్ల కథలే చెవిన పెట్టాను.

ఆఫీసరు బావకి సెల్యూట్ కొట్టి, ఏ ఓడలో చేశారని అడిగాడు. బావ తన ఓడ పేరు చెప్పాడు. ఇద్దరూ చేతులు కలిపి చాలాసేపు వదల్లేదు. రైతు బావని చూసి, నన్ను చూశాడు. నేను ఫిరంగిని మహా శ్రద్ధగా పరిశీలించాను.

లోపల గోడకి ఆ ఓడ చేసిన కొలువంతా రాసిన పలక ఉంది. బావ చదివి చెప్పాడు. దక్షిణ అట్లాంటిక్ చలిలో నెలల తరబడి గస్తీ, గల్ఫులో చమురు ఓడలకి కాపలా, కరీబియన్ దీవుల్లో తుఫాను పోయాక జనం ఇళ్లకి కప్పులు వెయ్యడం. ఆ ఓడ వయసు నా సైకిలు కంటే తక్కువ. దాన్ని చూసినా కుళ్లే.

"మీరు ఎన్ని దేశాలు సూసేరు పెద్దాయనా?" అన్నాడు రైతు.

"బాయిలరు దగ్గర ఉండీవోణ్ణి. పైన ఏ దేశమో తెలిసీది కాదు."

రెండు గంటలకి తిరుగు బస్సు. ఈసారి రైతు బావ పక్కన కూర్చున్నాడు. కిటికీ నాకు దక్కింది.

"నేను నేవీ కాదు బాబూ, బెల్లం మార్కెట్లో గుమస్తాని. నేవీ ఈయన," అన్నాను.

"నిచ్చెన కాడే తెలిసిపోయింది మామా," అని, రైతు బావ వైపు తిరిగాడు. "సముద్రం కబుర్లు సెప్పండి."

బావ చాలాసేపు ఆలోచించాడు. "ఒకపాలి తుఫానులో బాయిలరు ఆగిపోయింది. బాగు సేసేం."

అంతే! నా ప్రాణం ఉసూరుమంది. "నడుముకి తాడు కట్టుకుని రెండ్రోజులు తిండి లేకుండా పని సేసేవు, అది సెప్పవేటి?"

"నువ్వే సెప్పు బావా. నాకు రాదు."

చెప్పాను, అతని పేరుతోనే. ఒక్క అల కూడా కలపలేదు. రెండు కలిపాను.

ఓడ చూడదగ్గదే, పాసు దొరికితే వదలకండి. సబ్బవరం దాటేదాకా కథ చెప్పింది నేను. రైతు కళ్లార్పకుండా చూసింది మాత్రం మా బావని.