బోణీ చెయ్యి

మా అమ్మ చెయ్యి మంచిదని భావనపాడు తీరమంతా నమ్మేది. ఆమె తూచి ఇచ్చిన ఎండుచేపలతో బోణీ చేస్తే ఆ రోజు కొట్లో సరుకంతా చెల్లిపోతుందని శ్రీకాకుళం వ్యాపారి ఒట్టేసి చెప్పేవాడు. సరుకు ఎలా ఉందో సెల్‌ఫోన్లో ఫొటో చూసుకునే మనిషే, తూకానికి మాత్రం పొద్దున్నే సొంత అక్కను పిలిచినట్టు అప్పా అంటూ అమ్మ దగ్గరికే వచ్చేవాడు. అమ్మ పొంగిపోయేది. నాకు ఒళ్ళు మండేది. చేపలు కోసి, ఉప్పు పట్టించి, కాకుల్ని తోలుతూ ఎండలో మాడేది ఆమె. గొప్పంతా హస్తవాసిదట!

నేను డిగ్రీలో ఉండగా నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, తోటివాళ్ళు వచ్చారు. అల కొట్టి పడిపోయాడన్నారు. శవం దొరకలేదు. దొరికేదాకా ఆశ వదలొద్దని ఎవరో పెద్దాయన అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుంది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు.

మొదట అది ఆశే అనుకున్నాను. అసలు సంగతి తర్వాత అర్థమైంది. అప్పటికే అమ్మ వ్యాపారం గంప దాటింది. వీధిలోని ఆడవాళ్ళు నలుగురిని కలుపుకుని షెడ్డు వేసింది. ఇసుకలో కాకుండా వల పరిచిన మంచెల మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టేవాళ్ళు. ఒకామె ఇంటికి శ్లాబు పడింది. ఇంకొకామె గుజరాత్ రేవులకు వలస పోయిన మొగుణ్ణి వెనక్కి రప్పించుకుంది. కానీ మొగుడు పోయిన మనిషి చేత్తో బోణీ సరుకు తీసుకునేవాడు మా తీరంలో ఎవడు? బొట్టు చెరిగితే వ్యాపారి ఇంకో షెడ్డుకు పోతాడు, అయిదిళ్ళలో పొయ్యి వెలగదు. అమ్మ భయం అదీ.

"ఎవులడిగినా మీ అయ్య వస్తాడనే సెప్పు" అని నాకు నేర్పింది.

బతికున్నాడని ఊరికి చెబితే చచ్చినవాడు ఊరుకుంటాడా? మధ్యాహ్నం షెడ్డులో అమ్మకు కునుకు పట్టగానే వచ్చేవాడు. తడిబట్టలతో గుమ్మం బయటే నిలబడి, "కూడెట్టవేటే?" అని అడిగేవాడట. అమ్మ ఉలిక్కిపడి లేచి, అక్కడ నేల తడిగా ఉందేమోనని చేత్తో తడిమి చూసేది. సెలవుల్లో ఇంటికొస్తే నేనూ ఆ గుమ్మంలో నిలబడేదాన్ని కాదు. నవ్వితే నవ్వండి.

ఏళ్ళు గడిచాయి. చివరికి నాన్నమ్మే, మంచంలోంచి లేవలేని మనిషి, అందరి ముందూ అడిగేసింది.

"నా కొడుక్కి ముద్ద నేదు, నీళ్ళు నేవు. నీ యాపారం కోసం ఆడెన్నాళ్ళు తిరగాలే?"

ఆ వారమే తీరంలో దర్భబొమ్మకు దహనం జరిగింది. గాజులు పగిలాయి. పిండం పెట్టారు.

మైల తీరిన మర్నాడు అమ్మ బొట్టు లేని నుదుటితో కాటా ముందు కూర్చుంది. మిగతా నలుగురూ గోడవారన నిలబడ్డారు. వ్యాను దిగిన వ్యాపారి అమ్మ ముఖం చూశాడు.

"తూకం ఎయ్యప్పా, ఎండెక్కిపోతన్నాది" అన్నాడు.

అమ్మ కదల్లేదు. "నా సేత్తోనా?" అంది.

"ఎప్పుడూ నీ సెయ్యే కదప్పా. బావ రాడని మాకెప్పుడో తెలుసు."

గోడవారన ఒకామె నవ్వబోయి ఏడ్చేసింది. అమ్మ తూచింది. మధ్యాహ్నానికల్లా సరుకంతా వెళ్ళిపోయింది. నేను సంబరపడిపోతూ టీ తెచ్చాను. అమ్మ గ్లాసు అందుకోలేదు. గుమ్మం వైపే చూస్తోంది.

"ఒలే, ఈ మాట ఎవులైనా ముందే సెప్పుంటే, మీ అయ్యని ఇన్నేళ్ళు ఆకలితో అక్కడ నిలబెట్టీదాన్నేటే?"